సిద్ధపాటు ఎవరి సొత్తు?



ఒక ఆదివారం రెండవ పూజ ముగించుకొని గురునివాసం వరండాలోకి వచ్చేసరికి ఒక తల్లి, ఆమె కుమారుడు నా కోసం కూర్చుని ఉన్నారు. కోడలు రాలేదు. పెళ్ళయి ఆరేళ్ళయింది, సంతానం లేదు. ఆ తల్లి చేతిసంచిలో నుండి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా ముందుంచింది. అది ఒక పరీక్షా కేంద్రం వారిచ్చిన రిపోర్టు.

"చూడండి ఫాదర్ గారూ, మావాడికి ఏ లోపమూ లేదని రాసిచ్చారు. లెక్క బాగుందట, కదలిక బాగుందట. ఇక లోపం ఎవరిదో వేరే చెప్పాలా? మా ఇంటికి వారసుడు కావాలి కదండీ. ఈ పెళ్ళి రద్దు చేయించే దారి శ్రీసభలో ఏదైనా ఉంటే చూపించండి" అన్నది. కుమారుడు నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు.

ఇది పాపసంకీర్తనంలో విన్న సంగతి కాదు. ఊరూ పేరూ లేకుండా వ్రాయమని ఆ కుమారుడే తరువాత నాకు అనుమతి ఇచ్చాడు.

నేను ఆ తల్లికి చట్టం చెప్పాను. 1983లో వెలువడిన శ్రీసభ చట్టస్మృతి 1084వ అధికరణం ప్రకారం, సంతానం కలగకపోవడం వివాహానికి అడ్డంకి కాదు, జరిగిన వివాహాన్ని చెల్లకుండా చేయదు కూడా. మోసం చేసి పెళ్ళికి ఒప్పించిన సందర్భం వేరు, ఇక్కడ అటువంటిదేమీ లేదు. గుడిలో పీఠం ముందు నిలబడి నీ కొడుకు ఇచ్చిన మాట బిడ్డ పుట్టేవరకే అని కాదమ్మా, బ్రతికినంతకాలం అని. ఈ మాట విని ఆమె లేచి వెళ్ళిపోయింది. కాగితం నా బల్ల మీదనే ఉండిపోయింది.

చట్టం చెప్పాను గాని నా మనస్సు కుదుటపడలేదు. ఆ కాగితాన్ని చూస్తే నాకొక ప్రశ్న పుట్టింది. ఒక మనిషి తన శక్తి అంతా తన సొంతమని, అది తనలో సంపూర్ణంగా ఉన్నదని కాగితం చూపించి చెప్పగలడా? ఈ ప్రశ్నకు తత్వశాస్త్రం కంటే ముందు జీవశాస్త్రం ఏమంటున్నదో చూడాలనిపించింది. ఇటువంటి విషయం ఫాదర్ గారు పత్రికలో వ్రాయడమేమిటని కొందరు అనుకోవచ్చు. దేవుడు సృజించడానికి సిగ్గుపడని దానిని గూర్చి మర్యాదగా మాట్లాడుకోవడానికి మనమెందుకు సిగ్గుపడాలి?

కాగితం చెప్పనిది

అటువంటి రిపోర్టులో ముఖ్యంగా మూడు సంగతులు ఉంటాయి. శుక్రకణాలు ఎన్ని ఉన్నాయి, ఎంత చురుకుగా కదులుతున్నాయి, వాటి ఆకారం సరిగా ఉన్నదా లేదా. ఇవి తెలుసుకోవలసినవే. కాని ఈ మూడూ సరిగా ఉన్న కణం కూడా పురుషుని శరీరం నుండి వెలువడిన ఆ ఘడియలో అండంతో కలవలేదు. అప్పటికి దానికి ఆ శక్తి లేదు. ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నేనూ నమ్మలేదు.

శాస్త్రజ్ఞులకు కూడా ఇది తెలియడానికి చాలా కాలం పట్టింది. క్షీరదాల అండాన్ని 1827లో కార్ల్ ఫాన్ బేయర్ గుర్తించాడు. 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ సీ అర్చిన్ అనే ముళ్ళతో నిండిన సముద్ర జీవిలో అండమూ శుక్రకణమూ ఏకం కావడాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించి వివరించాడు. ఆ జీవుల కణాలు సముద్రపు నీటిలోనే కలుసుకుంటాయి గనుక గాజుపాత్రలోనూ సులభంగా కలిశాయి. క్షీరదాలతో అదే పని చేయబోతే దశాబ్దాల తరబడి వైఫల్యమే ఎదురైంది. అండం మంచిదే, కణాలూ మంచివే, అయినా కలవవు!

చిక్కుముడి 1951లో విడిపోయింది. చైనాలో పుట్టి అమెరికాలోని మసాచుసెట్స్‌లో పనిచేస్తున్న మిన్ చుయే చాంగ్, ఆస్ట్రేలియాకు చెందిన కాలిన్ ఆస్టిన్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒకే విషయం కనుగొన్నారు. శుక్రకణం స్త్రీ శరీరంలో కొంతకాలం బస చేయాలి. కుందేళ్ళలో అయితే సుమారు ఐదారు గంటలు. అప్పుడే దానికి అండంలో ప్రవేశించే శక్తి వస్తుంది. ఈ మార్పుకు ఆస్టిన్ 1952లో కెపాసిటేషన్ అని పేరు పెట్టాడు. తెలుగులో సామర్థ్యప్రాప్తి అనుకుందాం. ఆ పేరులోనే సంగతంతా ఉంది. అది సామర్థ్యాన్ని చూపించడం కాదు, పొందడం.

పొరలో జరిగే పని

ఆ గంటలలో ఏమి జరుగుతుంది? ప్రతి జీవకణాన్నీ ఒక పొర చుట్టుకొని ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో లక్షవ వంతు కంటే తక్కువ. అది గోడలాగా గట్టిది కాదు. కొవ్వు పదార్థాలు రెండు వరుసలుగా పేర్చినట్లుంటాయి, వాటి మధ్య ప్రొటీన్లు తేలుతూ ఉంటాయి. శుక్రకణపు పొరలో కొలెస్టరాల్ ఇమిడి ఉండి దానిని బిగువుగా ఉంచుతుంది. దానిపైన శుక్రద్రవంలోని ప్రొటీన్లు పూతలాగా అంటుకొని ఉంటాయి. ఈ బిగువు, ఈ పూత రెండూ కణానికి కావలసినవే. దారిలో అది తొందరపడి తన పనిముట్లను వృథా చేసుకోకుండా ఇవి కాపాడుతాయి. కాని గమ్యం దగ్గరపడినప్పుడు ఆ రక్షణే ఆటంకమవుతుంది.

గర్భాశయ ముఖద్వారంలోని జిగురు గుండా ఈదుకుంటూ పోయేటప్పుడు పైపూత చాలావరకు తొలగిపోతుంది. ఆ పైన, స్త్రీ శరీరపు ద్రవాలలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పొరలోని కొలెస్టరాల్‌ను కొద్దికొద్దిగా తనతో తీసుకుపోతుంది. చలికి పేరిన నెయ్యి కాస్త వెచ్చదనానికి మెత్తబడినట్లు పొర మెత్తబడుతుంది. బైకార్బొనేట్ లోపలికి ప్రవేశించి కొన్ని రసాయన క్రియలను మేల్కొలుపుతుంది. కాల్షియం ప్రవేశిస్తుంది. అంతవరకు నిదానంగా ఊగుతున్న తోక కొరడా ఝళిపించినట్లు కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆ తోకలో కాల్షియం ప్రవేశించే ద్వారాన్ని 2001లో కనుగొన్నారు. మనుష్యులలో అండం చుట్టూ ఉండే కణాల నుండి వచ్చే ప్రొజెస్టెరాన్ ఆ ద్వారాన్ని తెరుస్తుందని 2011లో తెలిసింది. అనగా తలుపు ఈ కణానిదే, తాళంచెవి మాత్రం అవతలి ఇంటిది.

శుక్రకణం తలమీద టోపీ వంటి చిన్న సంచి ఉంటుంది. దానిని అక్రోసోమ్ అంటారు. పొర మెత్తబడిన తరువాతనే ఆ సంచి పొర, కణపు పైపొర అక్కడక్కడ ఒకటై తెరుచుకొంటాయి. లోపలున్న ద్రవ్యాలు బయటపడతాయి. అంతవరకు దాగి ఉన్న ఒక ప్రొటీన్ అప్పుడే పైకి వస్తుంది. దానిని 2005లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొని, వివాహ బంధాలకు పేరుపొందిన తమ దేశపు ఆలయం పేరిట ఇజూమో అని పిలిచారు. దాని కోసం అండం మీద ఎదురుచూసే ప్రొటీన్‌ను 2014లో ఇంగ్లండులో కనుగొని, రోమీయుల వివాహదేవత పేరున జూనో అన్నారు. అన్యదేవతల పేర్లని నొచ్చుకోకండి. వివాహం అనే మాట తప్ప దీనికి వేరే పోలిక దొరకలేదని ఆ శాస్త్రజ్ఞులే ఒప్పుకున్నట్లుగా నేను దీనిని తీసుకుంటాను. కలయిక జరిగిన కొద్దిసేపటికే అండం తన పొరమీది జూనోను విడిచివేస్తుంది. ఇక రెండవ కణానికి చోటు లేదు.

మరి రెండు సంగతులు గమనించండి. ఒకసారి సామర్థ్యం పొందిన కణం ఆ స్థితిలో కొన్ని గంటలే నిలుస్తుంది. అందుకే అన్నీ ఒకేసారి కాక వంతులవారీగా సిద్ధపడతాయి. కోట్లలో బయలుదేరితే అండం దరిదాపులకు చేరేవి కొన్ని వందలే. రెండవది, 1957లో చాంగ్ చూపించినది. సామర్థ్యం పొందిన కణాలను మరల శుక్రద్రవంలో ఉంచితే ఆ సామర్థ్యం పోతుంది. వచ్చిన చోటికి తిరిగిపోతే పొందినది నిలవదు.

గురువుగారి పొరపాటు

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివిన రోజులలో మేము మొదట నేర్చుకొన్న పాఠాలలో ఒకటి పొతెన్సియా, ఆక్తుస్. అనగా శక్తిరూపంలో ఉండడం, క్రియారూపంలో ఉండడం. అరిస్టాటిల్ దీనిని మెట్లుగా వివరించాడు. అక్షరాలు రాని పిల్లవాడికి చదివే శక్తి ఉంది, ఎందుకంటే వాడు మనిషి. చదువుకొని నిద్రపోతున్న పంతులుగారికీ ఆ శక్తి ఉంది. కాని ఈ రెండు శక్తులు ఒకటి కావు. పంతులుగారిని లేపితే చాలు, చదువుతారు. పిల్లవాడిని లేపితే చాలదు, నేర్పాలి.

మన కాగితం చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. కాదు, కాగితం పొరపాటు చేయలేదు, దానిని చదివినవారు చేశారు. అది చూపించింది పిల్లవాడి శక్తిని. వారు దానిని పంతులుగారి శక్తి అనుకొన్నారు.

అరిస్టాటిల్ చెప్పిన రెండవ నియమం ఇంకా ముఖ్యమైనది. శక్తిరూపంలో ఉన్నది తనంతట తాను క్రియారూపంలోకి రాదు, అప్పటికే క్రియారూపంలో ఉన్న మరొకటి దానిని తీసుకొని రావాలి. పునీత తోమస్ అక్వినాస్ ఈ నియమాన్ని తన వేదాంతానికి పునాదిగా వాడుకొన్నారు. తడికట్టె తనకు తాను మండదు, మండుతున్న నిప్పు దానిని ఎండబెట్టి అంటించాలి.

అయితే ఇంత చక్కని నియమం చెప్పిన మహానుభావుడు సంతానోత్పత్తి దగ్గరకు వచ్చేసరికి ఏమన్నాడు? పురుషుడు వడ్రంగి, స్త్రీ కలప అన్నాడు. రూపమిచ్చేది పురుషుడు, స్త్రీ కేవలం పదార్థం. మన దేశపు పాత ధర్మశాస్త్రాలలోనూ ఇదే పోలిక వేరే మాటలలో ఉంది, పురుషుడు బీజం, స్త్రీ క్షేత్రం. మన తోమస్ గారు కూడా అరిస్టాటిల్‌నే అనుసరించారు. నేను ఆయన శిష్యపరంపరలో చదువుకొన్నవాణ్ణి. ఆయన మీద గౌరవం తగ్గకుండానే చెబుతున్నాను, ఈ విషయంలో మా గురువుగారు పొరపడ్డారు. అదే మధ్యయుగంలో జాన్ డన్స్ స్కోటస్ అనే ఫ్రాన్సిస్కన్ పండితుడు తల్లిది కూడా క్రియాశీలమైన పాత్రేనని వాదించాడు. ఆ మాట మా తరగతి గదులలో పెద్దగా వినిపించలేదు.

ఇప్పుడు అరిస్టాటిల్ నియమాన్ని అరిస్టాటిల్ ఉదాహరణకే వర్తింపజేసి చూడండి. శుక్రకణం శక్తిరూపంలో ఉంది. దానిని మెట్టెక్కించింది ఎవరు? స్త్రీ శరీరం. ఆయన కలప అన్నది పనిచేస్తున్నది. ఆయన నియమం నిలిచింది, ఆయన ఉదాహరణ కూలింది.

అలాగని పాత లెక్కను తలక్రిందులు చేసి స్త్రీయే సర్వమూ, పురుషుడు ఏమీ కాడు అనడం కూడా తప్పే. అండానికీ తన నిరీక్షణ ఉంది. ఆడపిల్ల తన తల్లి కడుపులో ఉండగానే ఆమె అండకణాలు తమ విభజనను మొదలుపెట్టి మధ్యలో ఆపివేస్తాయి. సంవత్సరాల తరువాత నెలకొకటి చొప్పున మేల్కొని కొంత ముందుకు సాగి మరల ఆగుతాయి. ఆ చివరి భాగం పూర్తయ్యేది శుక్రకణం లోపలికి వచ్చిన తరువాతనే. అతని కణాన్ని సమర్థం చేసేది ఆమె శరీరం, ఆమె అండాన్ని పూర్తి చేసేది అతని కణం. ఎవరి సిద్ధపాటూ ఎవరి సొంత ఆస్తి కాదు. రెండవ వారి చేతిలో నుండి అందుకొన్నదే.

ప్రకృతిని ప్రసంగపీఠం ఎక్కించవద్దు

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. మా వంటి ప్రసంగీకులకు ఒక దురభ్యాసం ఉంది. చీమను చూసి కష్టపడమంటాము, పావురాన్ని చూసి కపటం వద్దంటాము. శుక్రకణం తన పూతను విడిచింది గనుక మీరూ అహంకారం విడవండి అని చెప్పి ఆమెన్ అనడం చాలా తేలిక. కాని కణానికి అహంకారమూ లేదు, వినయమూ లేదు. అది దేనినీ త్యాగం చేయదు, దానికి జరిగేది జరుగుతుంది. ఉన్నదాని నుండి ఉండవలసినదాన్ని నేరుగా పిండుకోలేమని తత్వవేత్తలు ఎప్పుడో హెచ్చరించారు. ప్రకృతిలో పిల్లలను తినే జంతువులు కూడా ఉన్నాయి, వాటి నుండి పాఠం నేర్చుకొందామా?

మరి ఈ జ్ఞానం వలన నైతికంగా ప్రయోజనమేమిటి? ఒకటుంది. అది మనకు మంచి చేయమని ఆజ్ఞాపించలేదు గాని, మన చెడ్డపనికి ఆధారంగా వాడుకొంటున్న అబద్ధాన్ని మన చేతిలో నుండి లాగివేయగలదు. గొడ్రాలు అనే మాటను తీసుకోండి. దానికి సరితూగే పుంలింగ పదం మన ఇళ్ళలో అంత సులువుగా నోటికి వస్తుందా? రాదు. ఎందుకంటే బీజానికి లోపముండదని, పండకపోతే పొలానిదే తప్పని మనం తరతరాలుగా నమ్మాము. సంతానం కలగని జంటలలో సుమారు సగం మంది విషయంలో పురుషుని వైపు కారణం కూడా ఉంటున్నదని వైద్యులు చెబుతున్నారు. అయినా మన ఊళ్ళలో ముందు డాక్టరు దగ్గరకు పంపేది కోడలినే. కొడుకు వెళ్ళేది చివరికి, అదీ ఆమె మీద నేరం రుజువు చేయడానికి.

అయితే ఇంతటితో ఆగిపోతే నేను కూడా మరొక కాగితం చూపించినవాడినే అవుతాను. ఒకవేళ లోపమంతా నిజంగా ఆమెదే అయితే? అతని వైపు అంతా సక్రమంగా ఉండి, ఆమె అండవాహికలు మూసుకుపోయి ఉంటే? అప్పుడు ఆ తల్లి కోరిక న్యాయమైపోతుందా? కానే కాదు. ఆమె గౌరవం ఆల్బుమిన్ మీద ఆధారపడలేదు, అండం మీదా ఆధారపడలేదు. వివాహ సంస్కారంలో అతడు స్వీకరించింది ఒక గర్భాశయాన్ని కాదు, ఒక మనిషిని. శాస్త్రం అబద్ధాన్ని తొలగించినా, ఆమె చేయి విడవకుండా పట్టుకోవలసింది మాత్రం అతడే. ఆ పని ఏ ప్రయోగశాలా అతని బదులు చేయలేదు.

గాజుపాత్రలోని ద్రవం

ఈ విషయానికి రెండవ అంచు కూడా ఉంది. దానిని దాచి మాట్లాడడం నిజాయితీ కాదు.

శుక్రకణానికి స్త్రీ శరీరం ఏమి చేస్తుందో తెలిసిన తరువాత, ఆ పనిని గాజుపాత్రలో చేయించడం సాధ్యమైంది. 1963లో యానాగిమాచి, చాంగ్ చిట్టెలుక జాతికి చెందిన హ్యామ్‌స్టర్ కణాలను శరీరం వెలుపలే సిద్ధం చేసి అండాలతో కలిపారు. 1969లో రాబర్ట్ ఎడ్వర్డ్స్, బారీ బావిస్టర్, ప్యాట్రిక్ స్టెప్టో మానవ అండాన్ని గాజుపాత్రలో ఫలదీకరింపజేసినట్లు ప్రకటించారు. బావిస్టర్ తయారుచేసిన ద్రవం అందుకు తోడ్పడింది. 1978 జూలై 25న ఇంగ్లండులో లూయిస్ బ్రౌన్ జన్మించింది. సరిగా పదేళ్ళ క్రితం, 1968 జూలై 25 తేదీతోనే ఆరవ పౌలు పోపు గారి హుమానే వీతే విశ్వలేఖ వెలువడింది. ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమతి లభించింది. నేడు మన పట్టణాలలోనూ సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు కనబడని బజారు లేదు.

ఆ ద్రవంలో ఉండేది ఏమిటి? లవణాలు, బైకార్బొనేట్, ఆల్బుమిన్ వంటివి. అంతేనా తల్లి శరీరం ఇచ్చినది, సీసాలో పట్టేంతేనా? ఇక్కడే మన శ్రీసభ ఆగి ఆలోచించమంటున్నది. 1987లో వెలువడిన దోనుమ్ వీతే ఉపదేశం, 2008లో వెలువడిన దిగ్నితాస్ పెర్సోనే ఉపదేశం ఒక గీత గీశాయి. భార్యాభర్తల కలయికకు సహాయపడే వైద్యం మంచిదే. దాని స్థానాన్ని ఆక్రమించే పద్ధతి సమ్మతం కాదు. అదీగాక ఆ పద్ధతిలో మిగిలిపోయిన పిండాల గతి ఏమిటన్న ప్రశ్న కూడా ఉంది.

ఇది కష్టమైన బోధ. నా ఎదుట కన్నీళ్ళతో కూర్చున్న జంటకు ఇది చెప్పవలసి వచ్చినప్పుడు నా గొంతు పెగలదు. అయినా దీనిలోని సత్యాన్ని నేను ఈ విధంగా అర్థం చేసుకొన్నాను. ఎండలో వచ్చిన మనిషికి కుళాయి నీళ్ళూ దాహం తీరుస్తాయి, ఇంటి ఇల్లాలు చెంబుతో ఇచ్చిన నీళ్ళూ తీరుస్తాయి. రసాయన శాస్త్రానికి రెండూ ఒకటే. అతిథికి ఒకటి కాదు. ఒకరు మరొకరికి తమ్మును ఇచ్చుకోవడంలో జరిగే సిద్ధపాటును ద్రవంగా మార్చి సీసాలో నింపినప్పుడు, పని జరగవచ్చు, ఇచ్చుకోవడం మాత్రం పక్కకు తప్పుకొంటుంది. శ్రీసభ భయం ఆ తప్పుకోవడాన్ని గూర్చే.

కాని ఈ బోధను రాయిలాగా ఎవరి మీదా విసరవద్దు. ఆ పద్ధతిలో పుట్టిన బిడ్డ మిగిలిన ఏ బిడ్డకంటెను రవ్వంత కూడా తక్కువ కాదు. దేవుని పోలిక ఆ ముఖం మీద అంతే స్పష్టంగా ఉంటుంది. లూయిస్ బ్రౌన్ పుట్టినప్పుడు వెనీసు పీఠాధిపతిగా ఉన్న కార్డినల్ లూచియానీ గారు ఆ పద్ధతికి సమ్మతి తెలుపకుండానే, బిడ్డకు శుభాకాంక్షలు తెలిపి, తల్లిదండ్రులను ఖండించే హక్కు తనకు లేదన్నారు. కొద్ది వారాలకే ఆయన మొదటి జాన్‌పాల్ పోపు గారయ్యారు. మన విచారణలో అటువంటి బిడ్డ జ్ఞానస్నానానికి వస్తే, గుసగుసలు గుమ్మం బయటనే విడిచి రండి.

జెకర్యా మౌనం

ఆ కాగితం నా బల్ల సొరుగులో మూడు వారాలు ఉంది. ఒక బుధవారం సాయంత్రం నిత్యసహాయమాత నవదిన ప్రార్థన అయిన తరువాత ఆ కుమారుడు ఒక్కడే వచ్చాడు. చాలాసేపు ఊరకనే కూర్చుని, "అయితే ఫాదర్ గారూ, నాలో లోపం ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాడు.

పైన వ్రాసినదంతా నాకు తెలిసిన తేట మాటలలో అతనికి చెప్పాను. "బాబూ, నీకు శక్తి ఉందనే కాగితం అంటున్నది. కాని ఆ శక్తి నీ ఒక్కడి సొత్తు కాదు. నీవు ఎంత బలంగా ఉన్నా, నీ భార్య శరీరం నీకు చేయవలసిన మేలు ఒకటి మిగిలే ఉంటుంది. నీవు ఆమెకు చేయవలసినదీ ఒకటి మిగిలే ఉంటుంది. ఇద్దరూ కలిసి అడగవలసిన ప్రశ్నను నీవు ఒక్కడివే అడిగి, జవాబు ఆమె మీద వేశావు" అన్నాను.

తరువాత లూకా సువిశేషం మొదటి అధ్యాయం తీసి చూపించాను. గొడ్రాలన్న పేరు మోసింది ఎలిజబెతమ్మ. లోకం వేలు చూపించింది ఆమె వైపే. కాని ఆ కథలో నోరు మూతపడింది ఎవరికి? జెకర్యాకు. ఆ మాటలు రాని నెలలన్నీ ఆ పెద్దాయన ఏమి ఆలోచించి ఉంటాడో లూకా వ్రాయలేదు. ఇన్నేళ్ళూ ఊరివారు తన భార్యను అన్న మాటలను తాను అడ్డుకోకుండా ఉన్న రోజులను తలచుకొని ఉంటాడేమో. ఇది నా ఊహ మాత్రమే. కాని మన మగవారిలో చాలామందికి అటువంటి కొన్ని నెలల మౌనం మేలు చేస్తుందని మాత్రం ఊహ కాదు, ముప్పై ఏళ్ళ అనుభవం.

ప్రియ పాఠకులారా, మనం చేయగలిగిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి. శ్రీమంతానికి, ఉయ్యాల వేడుకకు బిడ్డలు లేని అమ్మను పిలవకుండా తప్పించే ఆచారం మన క్రైస్తవ కుటుంబాలలో కూడా ఇంకా మిగిలే ఉంది. ఆమెనే ముందు పిలిచి, ఆమె చేతనే మొదటి గాజులు తొడిగించండి. సంతానం ఆలస్యమైతే భార్యాభర్తలు కలిసి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. అత్తగార్లారా, కాగితాలు తెచ్చేముందు మీ కోడలి మొహం ఒకసారి చూడండి. బిడ్డలు లేని భార్యాభర్తలారా, మీ వివాహం సగం వివాహం కాదు. ఒకరినొకరు మరింత మంచివారుగా సిద్ధపరచడం అనే ఫలం మీ ఇంట పండుతూనే ఉండవచ్చు.

ఆ కుమారుడు వెళ్ళేటప్పుడు తన కాగితం అడిగి తీసుకొన్నాడు. మడత విప్పి ఒకసారి చూసుకొని, "ఈసారి ఇద్దరం వెళ్తాము ఫాదర్ గారూ" అన్నాడు. వారికి ఇంకా సంతానం కలగలేదు. కలుగుతుందో లేదో దేవుని చిత్తం. మా గుడిలో స్త్రీలు ఒకవైపు, పురుషులు ఒకవైపు కూర్చోవడం ఆచారం గనుక వారు పక్కపక్కన కూర్చోరు. కాని ఇప్పుడు ఇద్దరూ ఒకే బండి మీద పూజకు వస్తున్నారు. మొన్న ఆదివారం వెనుక సీటు మీద నుండి ఆ అమ్మాయి దిగి, గుడి మెట్ల దగ్గర అతని కోసం ఆగడం చూశాను.